ఇంటిమీది నల్ల ట్యాంకు.. అలల మీది కయాక్

మీ హాస్టల్ డాబా మీదికెళ్లి నల్ల నీళ్లట్యాంకును ఒకసారి వేళ్లతో తట్టి చూడండి. ఏళ్లుగా వరంగల్ ఎండలో మాడుతోంది. వానకు తడుస్తోంది. కోతులు దాని మీద దూకుతున్నాయి. అయినా పగల్లేదు. ఎందుకని? ఎక్కడా అతుకు కనిపించదు, ఎందుకని? అసలు నల్లగానే ఎందుకుంది? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగితే, సముద్రపు అలల మీద నడిచే కయాక్ మీకు సగం అర్థమైనట్టే. పాలిమర్, కాంపోజిట్ కంపెనీల ఇంటర్వ్యూల్లో అడిగే ప్రాథమిక ప్రశ్నల్లో కొన్ని కూడా తెలిసిపోయినట్టే.

సీ కయాక్ అంటే ఒక్కరు కూర్చుని రెండువైపులా రెక్కలున్న తెడ్డుతో నడిపే సన్నటి పడవ. పొడవు 16 నుంచి 18 అడుగులు, వెడల్పు రెండడుగులకు కాస్త అటూ ఇటూ. నడుము వరకు లోపల, ఆపైన బయట. చూడ్డానికి నాజూగ్గా ఉంటుంది. కానీ ఇసుక మీద ఈడుస్తారు, రాళ్లకు కొడుతుంది, మనిషెత్తు అల వచ్చి నెత్తిన పడుతుంది. ఇన్ని తట్టుకుంటూ ఒక్క మనిషి మోసుకెళ్లేంత తేలిగ్గా ఉండాలి. బలం, బరువు, ధర.. ఈ మూడింటి మధ్య పేచీ తీర్చడమే ఇంజినీరింగ్. దాన్ని ఒకే వస్తువులో చూడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

‘వరంగల్‌కీ సముద్రానికీ ఏం సంబంధం సార్?’ అంటారు. తీరం మనకు దాదాపు మూడొందల కిలోమీటర్లు. అయితే కాకతీయులు పెద్ద చెరువులకు పెట్టుకున్న పేరే సముద్రం. ఘనపూర్ చెరువు అసలు పేరు గణపసముద్రం. కేసముద్రం పేరు మీకు రైలు దాటిన ప్రతిసారీ కనిపిస్తుంది. హనుమకొండలో బస్సు దిగితే పక్కనే బాలసముద్రం. పేర్ల సంగతి సరే, అసలు సంబంధం వేరే ఉంది.

2023 జులై 27. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే రోజు భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిని మోరంచవాగు ముంచేసింది. జనం డాబాలు, చెట్లు ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. హెలికాప్టర్లు వస్తే గానీ కొందరు బయటపడలేదు. అల్లకల్లోలమైన నీళ్లు చూడాలంటే విశాఖ దాకా పోనక్కర్లేదు, మత్తడి దుంకే వాగు దగ్గరికి పోతే చాలు.

అంతకుముందు ఇంకో గాయం ఉంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర ‘రాయల్ వశిష్ఠ’ బోటు మునిగింది. పాపికొండలు చూద్దామని బయల్దేరిన వాళ్లలో ఖాజీపేట పక్కనున్న కడిపికొండ వాళ్లు 14 మంది. తిరిగొచ్చింది ఐదుగురే. మొత్తంగా 50 మంది వరకు పోయారు. అక్టోబరు 22న కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప రోపులతో ఆ బోటును నదిలోంచి లాగింది. లైఫ్ జాకెట్లు బోటులో ఉన్నాయి. భోజనాల వేళ ఉక్కపోతకు తీసేశామని బయటపడ్డవాళ్లలో కొందరు చెప్పారు. ఆ మాటను పక్కన పెట్టుకోండి. జాకెట్ దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ పనికొస్తుంది.

పొడి పోసి తిప్పితే పడవ

మొదట ట్యాంకు సంగతి. పాలిథిలిన్ ప్లాస్టిక్‌ను పిండిలా పొడి చేసి లోహపు అచ్చులో పోస్తారు. అచ్చును బిగించి, పెద్ద ఓవెన్‌లో పెట్టి, రెండు ఇరుసుల మీద నెమ్మదిగా తిప్పుతారు. వేడికి పొడి కరిగి అచ్చు లోపలి గోడకు పొరలా అంటుకుంటుంది. తర్వాత తిప్పుతూనే చల్లారుస్తారు, అచ్చు విప్పుతారు. వచ్చేది ట్యాంకైనా కావచ్చు, కయాకైనా కావచ్చు, రోడ్డు మీద పెట్టే డివైడర్ అయినా కావచ్చు. దీన్ని రొటేషనల్ మౌల్డింగ్ అంటారు. షాపులో అందరూ ‘రోటో’ అనేస్తారు. ముక్కలు కలిపి అతికించింది కాదు కాబట్టి విడిపోవడానికి అతుకే ఉండదు. మీ రెండో ప్రశ్నకు జవాబు ఇదే.

మూడోది, నలుపు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్ గొలుసుల్ని తెంపుతాయి. పైపొర పెళుసుబారి గోరుతో గీస్తే తెల్లటి పొడి రాలుతుంది. మన ఇళ్లల్లో పాత ప్లాస్టిక్ కుర్చీ ఉన్నట్టుండి విరగడానికి కారణం కూడా అదే. కార్బన్ బ్లాక్‌ను రెండు శాతం అటూ ఇటూ కలిపితే ఆ కిరణాలను అదే మింగేస్తుంది. కయాక్‌లు మాత్రం పసుపు, ఎరుపు రంగుల్లో ఉంటాయి. నీళ్లలో దూరం నుంచి కనిపించాలి కదా! అందుకని కార్బన్ బ్లాక్‌కు బదులు వేరే స్టెబిలైజర్లు కలుపుతారు. అవి ఖర్చవుతూ పోయే సరుకు. కాబట్టి పడవను వాడనప్పుడు నీడన పెట్టాలి.

మొదటి ప్రశ్న, దెబ్బకు ఎందుకు పగల్లేదని. పాలిథిలిన్ సాగుతుంది, సొట్ట పడుతుంది, మళ్లీ చాలావరకు మామూలవుతుంది. రోటో ముక్కల నాణ్యత చూసే పరీక్ష ఒకటుంది. ముక్కను మైనస్ 40 డిగ్రీల దాకా చల్లబరిచి, దాని మీద బరువు పడేస్తారు. ఓవెన్‌లో సరిగ్గా ఉడికి ఉంటే నొక్కుకుపోయి సాగుతుంది. ఉడకకపోయినా, మాడిపోయినా గాజులా పగులుతుంది. అన్నం వార్చినట్టే, ఒక నిమిషం అటూ ఇటూ అయితే తేడా తెలిసిపోతుంది. ఈ ‘ఉడుకు’ను పట్టుకోగల ప్రాసెస్ ఇంజినీర్‌కు ఫ్యాక్టరీలో విలువెక్కువ.

ఇన్ని మంచి గుణాలున్నా బరువు మాత్రం ఎక్కువే. పాలిథిలిన్ సీ కయాక్ 25 నుంచి 30 కిలోలు తూగుతుంది. గట్టిదనం తక్కువ. మన మే నెల ఎండలో రెండు కర్రల మీద పెట్టి తాళ్లు బిగించి వదిలేస్తే, సాయంత్రానికి అడుగు లోపలికి వంగిపోయి ఉంటుంది. అలా వంగిన పడవ నీళ్లను కోసుకుంటూ పోదు, ఈడ్చుకుంటూ పోతుంది.

ఫైబర్ అన్నది ఒక్కటి కాదు

కాకినాడ, విశాఖ తీరంలో చేపల వేటకు చెక్క తెప్పల స్థానంలోకి చాలావరకు ఫైబర్ బోట్లు వచ్చేశాయి. ఆ ‘ఫైబర్’ అంటే గాజు పీచు బట్టను రెజిన్‌లో తడిపి అచ్చు మీద పొరలు పొరలుగా పరిచి గట్టిపరచింది. కయాక్‌లకూ అదే పద్ధతి. పైన మెరిసే పొర జెల్‌కోట్. దాని కింద గాజు పీచు. ఖరీదైన వాటిలో కెవ్లార్, కార్బన్. రెజిన్‌లో కూడా రకాలున్నాయి. చవకది పాలిఎస్టర్, మధ్యస్థం వినైల్ ఎస్టర్, పైస్థాయిది ఎపాక్సీ.

కార్బన్ అనగానే అన్నిటికంటే బలమైనదని కుర్రకారు అనుకుంటారు. పొరపాటు. కార్బన్ చాలా గట్టిది, తేలికైనది. కానీ రాయికి తగిలితే చప్పున విరుగుతుంది. కెవ్లార్ చీలినా పీచు తెగకుండా పట్టుకుని ఉంటుంది, పడవ ఒడ్డుకు చేరుతుంది. గాజు పీచు బరువైనా చవక, రిపేరు తేలిక. అందుకే రాళ్ల తీరంలో రోజూ దిగేవాడు గాజు పీచు మందంగా వేయించుకుంటాడు, పందేల్లో పరిగెత్తేవాడు కార్బన్ కొంటాడు. ‘బలం’ అన్న మాటను ఇంటర్వ్యూలో వాడేటప్పుడు ఏ బలమో చెప్పండి. లాగితే తట్టుకునేదా, వంచితేనా, కొడితేనా? స్టిఫ్‌నెస్, స్ట్రెంగ్త్, టఫ్‌నెస్ మూడూ ఒకటి కాదని ఉదాహరణతో చెప్పగలిగిన అభ్యర్థి బోర్డుకు గుర్తుండిపోతాడు.

ఇంకో చిత్రం చూడండి. పాలిథిలిన్ సాంద్రత నీటికంటే తక్కువ, కాబట్టి పగిలిన ముక్క కూడా తేలుతుంది. గాజు పీచు ముక్క మునుగుతుంది. మరి ఫైబర్ కయాక్ ఎలా తేలుతోంది? లోపలి గాలి వల్ల. ముందొకటి, వెనకొకటి అడ్డుగోడలు కట్టి నీళ్లు చొరని గదులు చేస్తారు. పడవ తిరగబడి నడిమి గదిలో నీళ్లు నిండినా ఆ రెండు గదులు మోస్తాయి. అడ్డుగోడల్లేని కయాక్‌లో నీళ్లు నిండితే వందల లీటర్లు, అంటే వందల కిలోలు. ఒడ్డుకు లాగడం ఒక మనిషి తరం కాదు. రామప్ప గుడి గోపురంలో నీళ్లలో తేలే ఇటుకలు వాడారని మనం గొప్పగా చెప్పుకుంటాం కదా. ఆ కిటుకూ ఇదే, మట్టి లోపల గాలి గూళ్లు. మన చెరువుల్లో చేపలు పట్టేవాళ్లు వాడే థర్మకోల్ తెప్పలో ఉన్నదీ మూసుకున్న గాలి గదులే.

అయితే అనుభవమున్న వాళ్లు ఒక మాట చెబుతారు. పడవ అడుగు విరగడం అరుదు. మొండికేసేవి చిన్న భాగాలు. గదుల మీది రబ్బరు మూత ఎండకు పగుళ్లు తీస్తుంది. చుక్కాని తీగ తుప్పుపట్టి సరిగ్గా అల మధ్యలో తెగుతుంది. కాళ్లు ఆనించుకునే పెడల్ స్క్రూ ఊడుతుంది. డెక్ మీది తాడు కుళ్లి, పట్టుకోగానే చేతిలోకి వస్తుంది. పది వేల రూపాయల బలం వేసి పది రూపాయల స్క్రూ దగ్గర పోగొట్టుకోవడమన్నమాట. డిజైన్ రివ్యూలో ఈ సంగతి లేవనెత్తే ఇంజినీర్లు నాకు ఎక్కువమంది తగల్లేదు.

ఐదు కిలోల జాకెట్

ఇప్పుడు కడిపికొండ మాటకు వద్దాం. మనిషి శరీరం చాలావరకు తనంతట తాను తేలుతుంది. తల పైకి ఉండటానికి పెద్దవాళ్లకు అదనంగా కావాల్సింది మూడు నుంచి ఐదు కిలోల ఎత్తుడు బలం మాత్రమే. కయాక్‌లో వాడే జాకెట్ 50 న్యూటన్లది, అంటే సుమారు ఐదు కిలోలు. చేతులాడటానికి వీలుగా పొట్టిగా ఉంటుంది. కానీ ఇది ఈత వచ్చి, స్పృహలో ఉన్నవాళ్లకే. స్పృహ తప్పినవాళ్లను వెల్లకిలా తిప్పి మొహం పైకి ఉంచాలంటే 100 న్యూటన్లు, అంతకు మించిన లైఫ్ జాకెట్ కావాలి. ఐఎస్‌ఓ 12402 ప్రమాణం ఈ తేడాలనే లెవల్ 50, 100, 150 అని విడదీసింది. మన బోటింగ్ పాయింట్లలో నారింజ రంగువన్నీ ఒకటే అనుకుంటాం. కాలర్ వెనక ఉండే చీటీ చదవండి.

ఈ మధ్య ఒక చెరువులో పడవ ఎక్కితే నాకిచ్చిన జాకెట్‌కు రెండు బకిళ్లలో ఒకటి లేదు. అడిగితే ‘ఏం కాదు సార్, పది నిమిషాలే’ అన్నాడు. పక్కన ఇద్దరు దాన్ని మెత్తలా కింద వేసుకుని కూర్చున్నారు. అలా రోజూ నలిగితే లోపలి ఫోమ్‌లోని గాలి గదులు చితికిపోతాయి. రంగు వెలిసిన జాకెట్ గుడ్డకు బలమూ వెలిసే ఉంటుంది. పరీక్ష చాలా తేలిక. బకిళ్లు బిగించాక భుజాల దగ్గర పట్టుకుని స్నేహితుణ్ని పైకి లాగమనండి. జాకెట్ చెవుల దాకా వస్తే అది మీ సైజు కాదు. నీళ్లలోనూ అలాగే జారిపోతుంది.

ఉక్కపోత సంగతి కూడా డిజైన్ సమస్యే. చల్లటి దేశాల కోసం గీసిన జాకెట్‌ను మనకు తగిలిస్తే మధ్యాహ్నం ఎవరు ఉంచుకుంటారు? వీపు వైపు జాలీ, పక్కలు తెరిచిన కోత, పలచటి ఫోమ్ ముక్కలు.. మన ఎండకు, మన ఒళ్లకు సరిపోయే జాకెట్‌ను ఎవరైనా కుదురుగా డిజైన్ చేస్తే దానికి గిరాకీ లేకుండా పోదు. ప్రొడక్ట్ డిజైన్, టెక్స్‌టైల్ చదివేవాళ్లు ప్రాజెక్టు కోసం ఎక్కడెక్కడో వెతుక్కోనక్కర్లేదు.

మిగతా సామాను గబగబా చెప్పేస్తాను. నడుము చుట్టూ కట్టి పడవ నోటిని మూసే స్ప్రే స్కర్ట్, దాన్ని లాగి విప్పే పట్టీ తప్పనిసరిగా బయటికి ఉండాలి, లోపలికి పోతే తిరగబడ్డప్పుడు చెయ్యి వెతుక్కుంటుంది. అదనపు తెడ్డు. నీళ్లు తోడే చేతిపంపు. తెడ్డు చివర కట్టి పడవలోకి ఎక్కడానికి ఊతమిచ్చే గాలి సంచి. లాగుడు తాడు, విజిల్, రాళ్ల తీరమైతే హెల్మెట్. తెడ్డును పడవకు కట్టే తాడు ఒకటుంటుంది. అది సముద్రంలో మంచిదే కానీ, పారే వాగులో మెడకో కాలికో చుట్టుకుని ప్రాణం తీస్తుంది. సముద్రం సామాను వాగుకు పనికిరాదన్న తెలివిడి లేకనే రక్షించడానికి దిగినవాళ్లు కూడా చిక్కుకుంటారు.

బయల్దేరే ముందు చూసుకోవాల్సిన అలల ఎత్తు, గాలి అంచనాలు ఎక్కడి నుంచి వస్తాయో తెలుసా? హైదరాబాద్ నుంచే. ప్రగతినగర్ దగ్గరున్న ఇన్‌కాయిస్ దేశం మొత్తానికి సముద్ర స్థితి అంచనాలు, సునామీ హెచ్చరికలు ఇస్తుంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్, మ్యాథ్స్, ఓషనోగ్రఫీ వాళ్లకు అక్కడ ప్రాజెక్టు కొలువుల నోటిఫికేషన్లు పడుతుంటాయి.

ఇంతకీ కొలువులెక్కడ?

ఉన్నమాట చెప్పాలి. ‘కయాక్ డిజైనర్’ అని బోర్డు పెట్టి పిలిచే కంపెనీలు మన దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ ఒక్క కొలువు కోసం చదవొద్దు. ఇదే పని వేరే పేర్లతో జరిగే చోట్లు చాలా ఉన్నాయి. రోటో మౌల్డింగ్ ట్యాంకుల ఫ్యాక్టరీలు, గాలిమరల రెక్కలు, రైలు బోగీల లోపలి ప్యానెళ్లు, క్షిపణుల మోటారు కేసింగులు అన్నీ ఇవే పదార్థాలతో, ఇవే తిప్పలతో తయారవుతాయి. హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ల్యాబ్ ఏఎస్ఎల్‌లో కాంపోజిట్ల పని పెద్ద ఎత్తున సాగుతుంది.

పదో తరగతి తర్వాతైతే సీపెట్ వాళ్ల మూడేళ్ల ప్లాస్టిక్స్ డిప్లొమాలు ఉన్నాయి. హైదరాబాద్, విజయవాడల్లో కేంద్రాలున్నాయి. బీఎస్సీ అయినవాళ్లకు ప్లాస్టిక్స్ ప్రాసెసింగ్ అండ్ టెస్టింగ్‌లో పీజీ డిప్లొమా ఉంది. కెమిస్ట్రీతో డిగ్రీ చేసి ‘ఇక బీఈడీయేనా?’ అని దిగాలు పడేవాళ్లకు ఇది నిజంగా మంచి దారి, మనవాళ్ల కళ్లు దాని మీద తక్కువ పడుతున్నాయి. ఇంటర్ ఎంపీసీ వాళ్లు ఐఎంయూ సెట్ రాసి విశాఖ క్యాంపస్‌లో నేవల్ ఆర్కిటెక్చర్ బీటెక్‌లో చేరొచ్చు. విశాఖలోనే ఎన్ఎస్‌టీఎల్‌లో నౌకల నమూనాలను లాగి పరీక్షించే పొడవాటి నీటి ట్యాంకు ఉంది. మెకానికల్, సివిల్ బీటెక్ వాళ్లకు గేట్‌లో 2022 నుంచి నేవల్ ఆర్కిటెక్చర్ అండ్ మెరైన్ ఇంజినీరింగ్ పేపర్ ఉంది. మెటీరియల్స్ వైపు వెళ్లేవాళ్లకు ఎన్ఐటీ వరంగల్ గుమ్మం ముందే ఉంది, 1959 నుంచీ.

తెడ్డు పట్టడమే ఇష్టమైతే గోవాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్‌లో ప్రాణరక్షణ, పవర్‌బోటు కోర్సులు చేయొచ్చు. కొన్ని రోజుల కోర్సులే, కానీ బోటింగ్ పాయింట్లలో, రిసార్టుల్లో పని అడిగేటప్పుడు ఆ సర్టిఫికెట్ మాట్లాడుతుంది. వరదల్లో రక్షించే పని చేయాలనుకుంటే ఒక విషయం ముందే తెలుసుకోండి. ఎన్‌డీఆర్‌ఎఫ్‌లోకి నేరుగా నియామకాలు ఉండవు. సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి కేంద్ర బలగాల నుంచి డిప్యుటేషన్ మీద తీసుకుంటారు. కాబట్టి మీ మొదటి మెట్టు ఎస్ఎస్‌సీ జీడీ కానిస్టేబుల్ పరీక్ష. పదో తరగతి అర్హత. 2024 నుంచి తెలుగులో కూడా రాయొచ్చు. విజయవాడ దగ్గర కొండపావులూరులో ఉన్న పదో బెటాలియనే మన వాగుల దగ్గరికి వచ్చేది. ఈత రానివాళ్లు ఈ పేరా చదివి లాభం లేదు, ముందు నేర్చుకోండి.

ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఉంటే ఈ సెమిస్టర్‌లోనే చేయగలిగిన పని ఒకటి చెబుతాను. ఏ ఫైబర్ షీట్ల దుకాణంలోనైనా తునకలు దొరుకుతాయి. ఒకే కొలతతో పన్నెండు పట్టీలు కోయండి. అంచులను గరుకు కాగితంతో రుద్ది రెజిన్ పూయండి, లేకపోతే నీళ్లు కోసిన అంచుల నుంచే లోపలికి పోయి లెక్క తప్పుతుంది. నాలుగు పట్టీలు పొడిగా, నాలుగు మంచినీళ్లలో, నాలుగు ఉప్పునీళ్లలో. లీటరుకు 35 గ్రాముల ఉప్పు వేస్తే దాదాపు సముద్రమే. వారానికోసారి తీసి తుడిచి, కెమిస్ట్రీ ల్యాబ్ త్రాసులో తూచి రాసుకోండి. రెండు నెలల తర్వాత స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ ల్యాబ్‌లో, ఊరికే దుమ్ము పట్టి ఉండే యూటీఎం మీద మూడు బిందువుల దగ్గర ఆనించి వంచండి. ఒక పట్టీని కావాలనే పగలగొట్టి, అంచులను మందానికి పన్నెండింతల పొడవున ఏటవాలుగా రుద్ది, కొత్త గాజు బట్ట అతికించి మళ్లీ వంచండి. అతుకు దగ్గర విరిగిందా, పక్కన విరిగిందా? ఫొటో తీసి పెట్టుకోండి. రెజ్యూమెలో ‘హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్’ అని రాసే చోట ఆ గ్రాఫు, ఆ ఫొటో పెట్టండి.